అట్టపెట్టెలో వచ్చిన పుస్తకం

మాఘమాసం, రెండో ఆదివారం, పగలు రెండు గంటల నలభై నిమిషాలు. నల్లపాడులో మా అమ్మాయి ఇంట్లో, అన్నాలు తిని తుడిచిన బల్ల మీద, లాప్‌టాప్ తెరలో కొండమీది ముసలమ్మ తలుపు తీసింది. వేళ నేను ఊహించి రాయడం లేదు. తెర మూలన అంకెలుంటాయి, చూసి చెప్తున్నాను. పాతికేళ్ళకు పైగా మేము ఆ తలుపు బయటే ఉండిపోయాం. అలాంటి తలుపు తెరుచుకున్న వేళ ఎవరికైనా గుర్తుంటుంది.

ముసలమ్మంటే మా ఊరి మనిషి కాదు. ఒక పాత కంప్యూటర్ ఆటలో ఉండే మనిషి. నలుగురు బాటసారులు ఒక దేశమంతా తిరిగి, అడవులు దాటి, మృగాలతో పోరాడి, చివరికి మంచుకొండ ఎక్కి ఆవిడ తలుపు తట్టాలి. ఆవిడ తలుపు తీస్తే ఆట ముగింపుకొచ్చినట్టు. డెబ్బై దాటిన మిరప రైతు పెళ్ళానికి ఇలాంటి ఆటతో పనేమిటని అడిగేవాళ్ళుంటారు. నాకు పని ఆటతో కాదు, ఆటతో పాటు వచ్చిన పుస్తకంతో.

నేను పుట్టింది పొదిలి దగ్గర మెట్ట పల్లెలో. మా అన్నని బళ్ళో వేశారు, నన్ను గేదెల వెంట పంపారు. అప్పట్లో అన్ని ఇళ్ళల్లో అంతే, అందుకు నేను ఎవర్నీ తిట్టను. పెళ్ళయి గుంటూరు పక్కకి వచ్చి మిరప చేలో పడ్డాను. ముప్పై ఎనిమిదో ఏట మా ఊళ్ళో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెడితే పలక పట్టుకుని వెళ్ళి కూచున్నాను. ఆ రోజుల్లోనే మా అన్న చూడ్డానికి వచ్చాడు. నా చేతిలో పలక చూసి గుమ్మంలోనే నవ్వాడు.

"ఏమే, ఈ వయసులో ఓనమాలు దిద్ది ఎవర్ని ఏలుదామని?"

"నీ ఉత్తరాలు నేనే చదువుకుందామని," అన్నాను. "నువ్వు రాసేది రెండు ముక్కలు. దానికి పక్కింటాయన్ని పిలవాల్సొస్తోంది."

మా అన్న మీసం దువ్వుకున్నాడు. మాట తోచనప్పుడు చేసే పని అది. ఆ మీసం మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

తెలుగు వచ్చింది. బస్సు బోర్డులు చదివాను, గోడల మీద రాతలు చదివాను, పురుగుమందు డబ్బాలో మడిచి పెట్టే కాగితం కూడా వదలకుండా చదివాను. మందు కొట్టబోయే ముందు మా ఆయన "ఏమే, ఏం రాశాడు?" అని అడిగేవాడు. ఆయనకి చదువొచ్చు, కాని అంత సన్న అక్షరాలు చదివే ఓపిక లేదు. నాకు అక్షరాలు కొత్త కదా, ఎంత సన్నవైనా ముద్దే.

ఆరేడేళ్ళకి మా అమ్మాయి గుంటూరులో కంప్యూటర్ కోర్సులో చేరింది. ఆ సెంటరాయన దుకాణం ఎత్తేస్తూ పాత మిషను ఒకటి అమ్మజూపాడు. ఆ ఏడు మిరపకి ధర పలికింది. మా ఆయన మిర్చి యార్డులో టిక్కీలు, అంటే కాయ బస్తాలు, దింపి, తిరిగొచ్చే ట్రాక్టర్లో ఖాళీ గోతాల మధ్య దాన్ని పెట్టుకుని తెచ్చాడు. ఇంటికొచ్చి స్విచ్చి వేస్తే లోపలి ఫ్యాను గిర్రున తిరిగి, దారంతా పీల్చుకున్న మిరప ఘాటు మా మొహాన కొట్టింది. మా ఇంట్లో కంప్యూటర్ చేసిన మొదటి పని ముగ్గుర్నీ తుమ్మించడం.

మిషనుతో పాటు ఒక అట్టపెట్టె ఊరికే ఇచ్చారు. పట్టుచీర పెట్టేంత ఉంది. మూత మీద కత్తి పట్టుకున్న మనిషి, వెనక మంచుకొండ. లోపల నల్లటి ఫ్లాపీలు, గుడ్డ మీద అచ్చేసిన దేశపటం, వాటి కింద లావుపాటి పుస్తకం. మా అమ్మాయి ఫ్లాపీలు తీసుకుని పుస్తకం పక్కన పడేసింది. నేను తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మందు డబ్బాలో కాగితం చదవకుండా మందు కొట్టని ఇల్లు మాది. పుస్తకం చూడకుండా ఆట ఎలా మొదలుపెడుతుందని నా గోల.

నా గోలే నెగ్గింది. ఆట మొదలవగానే తెర మీద ప్రశ్న వచ్చింది: పుస్తకంలో ముప్పై ఒకటో పేజీ, నాలుగో వరస, రెండో మాట ఏమిటి? చెప్తేనే లోపలికి రానిస్తుంది. పుస్తకం లేకుండా ఆట ఒక్కటే దొంగతనంగా కాపీ చేసుకున్నవాళ్ళని ఆపడానికట. మా అమ్మాయి విసుక్కుంది. "నాకు అంకెలొచ్చు కదే, నేను వెతుకుతా," అన్నాను. పేజీ తిప్పి, వరసల మీద వేలు పెట్టి లెక్కపెట్టి, మాట దగ్గర ఆగాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. కాబట్టి ఆకారం చెప్పాను.

"మొదటిది తాటిచెట్టులా ఉంది. నిలువు గీత, పైన అడ్డం."

"టీ."

"తర్వాతది నిచ్చెనకి ఒకటే మెట్టు."

"హెచ్. ఇంకా?"

"ఇంకోటి కర్ర పట్టుకుని కాలు చాపిన ముసలాడు."

"ఆర్. అమ్మా, ఇలా అయితే తెల్లారుతుంది."

తెల్లారలేదు. ఆ వేసవి దాటేసరికి అక్షరాలన్నీ వచ్చేశాయి. ఆట ఆడాలంటే రోజూ ఒక మాట చెప్పాలి, రోజూ వేరే పేజీ అడుగుతుంది. అంతకంటే మంచి బడి నేను చూడలేదు. ఆ తర్వాత మాటలకి అర్థాలు పట్టుకున్నాను. మా అమ్మాయిని అడిగేదాన్ని, అది కసిరితే చిన్న డిక్షనరీలో వెతికేదాన్ని. వరసకీ వరసకీ మధ్య ఉన్న ఖాళీలో పెన్సిలుతో తెలుగులో రాసుకునేదాన్ని. రెండేళ్ళు పట్టింది. నేను మొదటినుంచి చివరిదాకా చదివిన మొదటి పుస్తకం అది. తెలుగులోనూ అంతవరకు ఏ పుస్తకమూ చివరంటా చదవలేదు.

అందులో ఏముందంటారా? ఎవరో ఒక ముసలి బాటసారి ఆ దేశమంతా నడిచి వచ్చి రాసినట్టు రాశారు. ఏ సత్రంలో నల్లులున్నాయో, ఏ రేవులో పడవవాడు డబ్బు తీసుకుని నది మధ్యలో దింపేస్తాడో, ఏ ఆకు పసరు ఏ గాయానికి పనికొస్తుందో, ఉప్పు ఎక్కడ దొరుకుతుందో అన్నీ ఉన్నాయి. కలంతో గీసిన బొమ్మలు. తెర మీద చూస్తే తోడేలంటే బూడిదరంగు చుక్క. పుస్తకంలో ఆ తోడేలుకి ఎడమ చెవి చిరిగి ఉంది, ఎందుకు చిరిగిందో కథ ఉంది. ఆ తర్వాత తెర మీద చుక్క కదిలితే నాకు చిరిగిన చెవి కనపడేది. మిషను చూపించలేని దేశమంతా పుస్తకం చూపించేది. ఒక చేత్తో గుడ్డపటం, ఒక చేత్తో పుస్తకం, మంత్రాల పేజీలో బొటనవేలు, సత్రాల పేజీలో చూపుడువేలు. ఆట ఆడినంతసేపూ నా చేతులు ఖాళీ లేవు.

కల్లంలో కాయ ఆరబోసి తాలు ఏరేటప్పుడు ఆ కథలన్నీ చెప్పేదాన్ని. వరసగా కూచుని ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలుకాయ ఒక పక్కకి వేస్తూ ఆడవాళ్ళు నన్ను వదిలేవాళ్ళు కాదు.

"ఆ పడవవాడు చచ్చాడా లేదా?"

"లేదు. నది దాటాం, వాడికి డబ్బివ్వలా."

"మంచి పని చేశారు. మా రేషన్ డీలరుకి అన్నలా ఉన్నాడు."

ఆటలో మా నలుగురికీ పేర్లు పెట్టమంది. మా అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ, నాన్న, అమ్మాయి అని కొట్టి, నాలుగో మనిషి దగ్గర ఆగింది. "డాలు పట్టుకుని ముందు నడిచేవాడమ్మా. ఎవరిని పెడదాం?" అంది. "మీ మామయ్యని పెట్టు. దెబ్బలన్నీ ఆయనే తింటాడు," అన్నాను. అలా మా అన్న, తనకి తెలియకుండానే, ఆటలోకి వచ్చాడు.

సెంటర్లో ఆ ఆట ఆడిన కుర్రాళ్ళు దారిలోనే దోపిడీకి దొరికిపోయేవాళ్ళట. రాత్రి బస చేస్తే నలుగురూ పడుకునేవాళ్ళు. పుస్తకంలో రాసే ఉంది, ఆరుబయట పడుకుంటే ఒకరు మేలుకోవాలని. రాయకపోయినా మాకు తెలుసు. కల్లంలో కాయ పెట్టుకుని అందరూ దుప్పటి ముసుగేసి పడుకునే ఇల్లు మా ఊళ్ళో లేదు. మా అన్నని కాపలా పెట్టి మేం ముగ్గురం నిద్రపోయేవాళ్ళం. ఒక్క రాత్రి కూడా దోపిడీ జరగలేదు.

అంత జాగ్రత్తగా వెళ్ళినవాళ్ళం కొండ మీద ఇరుక్కుపోయాం.

పుస్తకం ఆఖరి భాగంలో ముసలమ్మ గురించి ఉంది. ఉత్త చేతులతో వచ్చినవాళ్ళకే ఆవిడ తలుపు తీస్తుందని. ఆ వరస కింద నేను పెన్సిలుతో రెండు గీతలు కూడా పెట్టాను. అర్థమైందనే అనుకున్నాను. కత్తులు, డాలు, విల్లు అన్నీ మంచులో దింపి తలుపు తట్టాం. "లోపల దీపం వెలుగుతోంది. ఎవరూ రాలేదు," అని తెర మీద వచ్చింది. కాసేపటికి మంచుకి నలుగురూ కూలిపోయారు. ఆడినంతవరకు ఆట దాచుకోవడం, అదే సేవ్ చెయ్యడం, సత్రంలో పడుకుంటేనే కుదురుతుంది, ఆఖరి సత్రం కొండ కింద ఎక్కడో ఉంది. అక్కణ్ణుంచి మళ్ళీ ఎక్కాలి.

ఎక్కాం. పొద్దున తట్టాం, సందెవేళ తట్టాం. ఒక్కరే వెళ్ళి తట్టాం. సంచిలో ఉన్న పళ్ళబుట్ట చిన్నదేమోనని కింద ఊళ్ళో పెద్ద బుట్ట కొనుక్కుని వెళ్ళాం. అదీ చాలలేదని తేనె కుండ కలిపాం. ఆవిడకి చలేస్తుందేమోనని ఉన్ని దుప్పటి తీసుకెళ్ళాం. అంతకుముందు అడవిలో సన్యాసికి తేనె ఇస్తేనే దారి చెప్పాడు, రాజుకి జున్ను ఇస్తేనే కోటలోకి రానిచ్చాడు. పెద్దావిడ ఇంటికి వెళ్తున్నాం కదా. పుస్తకంలో ఆ వరస పక్కన నా పెన్సిలు రాత ఇప్పటికీ ఉంది: పళ్ళు మర్చిపోవద్దు.

ఆ రోజుల్లో ఒకనాడు మా అన్న ఊరినుంచి వచ్చాడు. మేము తలుపు తట్టడం, మంచులో కూలడం కుర్చీ వేసుకుని చూశాడు.

"పుస్తకం మొత్తం చదివానన్నావు కదే?"

"చదివాను."

"చదవడం వేరు, తెలియడం వేరు. చిలక కూడా చదువుతుంది. నీకు తెలిసుంటే ఆ తలుపు ఎప్పుడో తెరుచుకునేది." మీసం మీద చెయ్యి వేశాడు. "ఆ ఇంగ్లీషు పుస్తకం నీకు తెలిసి, ఆ ఆట నువ్వు ముగించిన రోజున ఇది తీసేస్తాను."

మా వదిన పక్కనుంచి, "మీసం మీద ఒట్లు వెయ్యకండి," అంది. ఆయన వినలేదు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. పలక చూసి నవ్వినందుకు గుచ్చుకోలేదు, ఇది గుచ్చుకుంది. ఎందుకంటే అందులో నిజం ఉందేమోనని నాకే అనుమానం. రెండేళ్ళు వేలు పెట్టి చదివిన పుస్తకం నాకు తెలిసిందా, లేక ఆకారాలు చూసి చిలకలా పలికానా? ఆ తలుపు తెరుచుకుంటే తెలిసినట్టు. తెరుచుకోకపోతే మా అన్న అన్నదే ఖాయం.

తెరుచుకోలేదు. వానాకాలం మొదట్లో పిడుగు పడి మిషను మాడిపోయింది. పాత ఇనుముకి వేసేశాం. పుస్తకాన్ని, గుడ్డపటాన్ని మాత్రం నా ట్రంకు పెట్టెలో, చీరల అడుగున పెట్టి, పురుగు పట్టకుండా ఎండుమిరపకాయలు వేశాను. ఏటా కొత్త కాయ రాగానే పాతవి తీసి కొత్తవి వేస్తాను. ఆ పుస్తకం ఎంత ఘాటెక్కిందంటే ఇప్పుడు విప్పితే కళ్ళమ్మట నీళ్ళు రావాల్సిందే.

మా అన్న మర్చిపోలేదు. ప్రతి పెళ్ళిలో, ప్రతి కర్మలో, పంక్తిలో నాకు ఎదురుగా కూచుని, "తలుపు తీసిందా ముసల్ది?" అనేవాడు. ఆ మీసం నల్లగా ఉన్నప్పుడు మొదలెట్టిన మాట, నెరిసి తెల్లబడేదాకా అంటూనే ఉన్నాడు.

పోయిన వానాకాలంలో మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, మన ఆట దొరికింది. పాత ఆటలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు." అమ్మాయి ఇప్పుడు కాలేజీలో లెక్కలు చెప్తుంది, అల్లుడు రైల్వేలో. నేను పుస్తకం సంచిలో వేసుకుని ఆదివారం పొద్దున్నే నల్లపాడు చేరాను. మా ఆయన కూడా వచ్చాడు, ఆట కోసం కాదు, అక్కడ వండే కూర కోసం.

లాప్‌టాప్‌లో ఆట మొదలైంది. అదే సంగీతం, అవే చుక్కలు. నేను పుస్తకం విప్పి, తుమ్మి, వేలు సిద్ధం చేసుకుని కూచున్నాను. ఏ పేజీ అడగలేదు. నేరుగా లోపలికి తీసుకెళ్ళిపోయింది.

"అదేమిటే, మాట అడగలేదు?"

"ఇప్పుడు అడగదమ్మా. తీసేశారు. పుస్తకం ఎవరి దగ్గరా ఉండదుగా. కావాలంటే ఫైలు ఇచ్చారు, చూడు."

చూశాను. మా పుస్తకమే, గాజు వెనకాల. చదవొచ్చు, పెద్దది చేసుకోవచ్చు. కాని వేలు ఎక్కడ పెట్టుకోను? మంత్రాల పేజీలో బొటనవేలు పెట్టి సత్రాల పేజీకి ఎలా వెళ్ళను? నా పెన్సిలు రాతలు ఏవి? మా అమ్మాయితో గట్టిగా చెప్పాను, అది అడక్కపోతే నువ్వు అడుగు, మాట చెప్పకుండా నేను ఆ దేశంలోకి రాను అని. దాంతో ప్రతి ఆదివారం ఆట మొదలుపెట్టే ముందు అది ఏదో ఒక పేజీ, వరస అడగడం, నేను వెతికి చెప్పడం. కొత్త ఆట ఒకటి కూడా చూపించింది. బొమ్మలు సినిమాలా ఉన్నాయి, కాదనను. కాని పుస్తకం లేదు, ఎటు వెళ్ళాలో నేల మీద బాణం గుర్తు చూపిస్తుంది. బాణం ఉంటే దేశాన్ని ఎవరు చూస్తారు? బాణాన్నే చూస్తారు.

మొదటినుంచీ మళ్ళీ నడిచాం. అదే పడవవాడు, అదే చిరిగిన చెవి. అవే పేర్లు పెట్టుకున్నాం. మాఘమాసం వచ్చేసరికి మళ్ళీ కొండ మీదికి చేరాం, మళ్ళీ అదే తలుపు, లోపల అదే దీపం.

ఆ రెండో ఆదివారం గుంటూరులో పెళ్ళికొచ్చి, భోజనాలయ్యాక మా అన్న, వదిన నల్లపాడు వచ్చారు. మూడున్నరకి పొదిలి బస్సు అందుకోవాలి. మేనకోడల్ని ఓసారి చూసి పోదామని. వాళ్ళు బెల్లు కొట్టే వేళకి మేం నలుగురం తెర మీద మంచులో నిలబడి ఉన్నాం. అమ్మాయి లేచి తలుపు తీసింది. మా అన్న లోపలికొస్తూనే తెర వైపు చూశాడు.

"ఇంకా అక్కడే ఉన్నారా? కాళ్ళు నొప్పులు పుట్టలేదూ?"

"నువ్వు కూచో అన్నయ్యా," అన్నాను.

వదిన కూచోలేదు. చీర కొంగు నలుపుకుంటూ నిలబడింది. "మేనకోడలింటికి చేతులూపుకుంటూ వచ్చామమ్మా. కల్యాణమండపం బయట బండి మీద అరటిపళ్ళు ఉన్నాయి, ఆగండీ అన్నాను. బస్సు పోతుందన్నారు. నాకు సిగ్గేస్తోంది."

"ఊరుకోవే," అన్నాడు మా అన్న. "ఉత్త చేతులతో వచ్చామని పిల్ల తలుపు తియ్యలేదా? తీసింది. కాఫీ కూడా ఇస్తుంది, చూడు."

నేను తెర వైపు చూశాను. కత్తులు కింద ఉన్నాయి. డాలు కింద ఉంది. సంచిలో పళ్ళబుట్ట ఉంది, తేనె కుండ ఉంది, ఉన్ని దుప్పటి ఉంది. పుస్తకంలో నేను రెండు గీతలు పెట్టుకున్న వరస కళ్ళ ముందుకొచ్చింది. దానికి రెండు పేజీల ముందు ఇంకో వరస ఉంది, ఆవిడకి లేనిదంటూ ఏదీ లేదని. పుస్తకం ఉన్న మాటే చెప్పింది. మేమే దాని మీద మా ఊరి మర్యాద కప్పాం. పెద్దావిడ ఇంటికి పళ్ళు లేకుండా ఎలా వెళ్తాం అని.

"అమ్మాయ్, కూచో. అన్నీ దింపెయ్," అన్నాను.

"దింపే ఉన్నాయిగా?"

"ఆయుధాలు కాదు. అన్నీ. పళ్ళు, తేనె, దుప్పట్లు."

"దుప్పట్లు లేకపోతే మంచులో నాలుగు అడుగులు కూడా వెయ్యలేం. సత్రం నుంచి మళ్ళీ రావాలి."

"వద్దాం. దింపు."

"రొట్టె?"

"రొట్టె కూడా."

"మందాకులు?"

"అవీ."

"నాన్న దగ్గర రాజుగారిచ్చిన ఉంగరం ఉంది."

సోఫాలో కునుకు తీస్తున్న మా ఆయన కళ్ళు తెరిచాడు. "ఉంగరం ఎవరిది?"

"ఆటలోదిలే, పడుకో నాన్నా. అమ్మా, మామయ్య దగ్గర చిల్లర ఉంది."

"ఏ మామయ్య?" అన్నాడు మా అన్న.

"నువ్వే," అన్నాను. "మొదట్నుంచీ ఉన్నావు. డాలు నీ దగ్గరే. రాత్రిళ్ళు కాపలా కూడా నువ్వే."

మా అన్న లేచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, తెర మీద వేలు పెట్టాడు. నాలుగో పేరు దగ్గర వేలు ఆగింది. ఐదో తరగతిలో అంతో ఇంతో ఇంగ్లీషు నేర్పారు ఆయనకి. ఎం, ఎ, ఎం, ఎ. కుర్చీ దగ్గరికి లాక్కుని మా అమ్మాయి పక్కనే కూచున్నాడు. వదిన కూడా చేరింది.

అన్నీ దింపాం. సంచి ఖాళీ. మంచు పడుతోంది. నలుగురూ వణుకుతున్నారని తెర మీద వచ్చింది. మా అమ్మాయి తలుపు తట్టింది.

మిగతాది మీకు మొదట్లోనే చెప్పేశాను. రెండు గంటల నలభై.

తలుపు తెరుచుకున్నాక తెర నిండా మాటలు వచ్చాయి. మా అమ్మాయి చదవబోతే ఆపాను. నేను చదివాను. మెల్లగా, ఒక్కో మాటా, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. "ఇన్నాళ్ళకి ఖాళీ చేతులు వచ్చాయి. చేతుల నిండా పట్టుకొచ్చినవాళ్ళు నేనిచ్చేది ఎందులో పట్టుకుంటారు? రండి, కూచోండి." దాని కింద ఇంకో రెండు వరసలున్నాయి. "నా దేశం గురించి రాసిన పుస్తకం ఒక్కటి తేవచ్చు. తెచ్చారా? అయితే యాభై రెండో పేజీ, ఆరో వరస, మూడో మాట చెప్పండి."

మొదట్లో అడిగే ప్రశ్నలు తీసేసినవాళ్ళు దీన్ని తియ్యలేదు. ఇది కథలో ఉన్న ప్రశ్న. మా అమ్మాయి ఫైలు తెరవడానికి చెయ్యి చాపింది. నేను దాని చెయ్యి పక్కకి నెట్టి పుస్తకం విప్పాను. కొత్త మిరప ఘాటు లేచింది. మా అన్న తుమ్మాడు.

"ఒక తుమ్ము మంచిది కాదు, ఇంకోటి తుమ్మండి," అంది వదిన.

ఆయన ఇంకో రెండు తుమ్మాడు. నేను వేలు పెట్టి వరసలు లెక్కపెట్టాను. అది సత్రాల పేజీ. ఏ సత్రంలో ఏం దొరుకుతుందో రాసిన చోటు. మూడో మాట దగ్గర ఆగి, మా అన్న వైపు తిరిగి చెప్పాను.

"ఎస్. ఎ. ఎల్. టి. ఉప్పు."

"ఉప్పా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంత కొండ ఎక్కించి, పక్కింటావిడలా ఉప్పు అడిగిందా?"

అమ్మాయి ఆ నాలుగక్షరాలు కొట్టింది. ముసలమ్మ పక్కకి జరిగి దారి ఇచ్చింది. లోపల పొయ్యి, పొయ్యి మీద గిన్నె. నలుగురూ దాని చుట్టూ కూచున్నారు. తర్వాత నల్లటి తెర మీద ఈ ఇంటికి వచ్చినవాళ్ళు అని రాసి, ఒకదాని కింద ఒకటి నాలుగు పేర్లు వచ్చాయి. అమ్మ, నాన్న, అమ్మాయి, మామ. దాని కింద ఆట ముగిసింది అని ఉంది.

గట్టిగా అరవాలనిపించింది కాని అరవలేదు. పుస్తకం మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, మా అన్న మీసం వైపు చూస్తూ కూచున్నాను. ఎంతసేపయినా చూసేదాన్ని. ఆ చూపు ఆయనకి అర్థమైంది. చెయ్యి దువ్వుకోవడానికి పైకి లేచి, సగంలో ఆగింది.

"ఉత్త చేతుల మాట అన్నది నేను," అన్నాడు.

"అన్నది నువ్వు. అది పుస్తకంలో ఏ వరసో తెలిసింది నాకు."

"అదీ నిజమే."

వదినకి భయం పట్టుకుంది. "ఏవండీ, పెళ్ళి చూసొచ్చి మీసం తీస్తే ఊళ్ళో ఏమనుకుంటారు? ఎవరు పోయారని అడుగుతారు. అమ్మా, నువ్వైనా వద్దని చెప్పు."

నాకు వదినంటే ఇష్టం. అందుకని ఆలోచించాను. "సరే వదినా. మీసం వద్దు. దానికి బదులు అన్నయ్య ఇక్కడ నా పక్కన కూచుని, ఈ పుస్తకంలో మొదటి పేజీ నా దగ్గర నేర్చుకుని, అప్పచెప్పి పోవాలి. రాత్రి బస్సుకి వెళ్ళొచ్చు."

మా అన్న పుస్తకాన్ని చూశాడు. నన్ను చూశాడు. మొదటి పేజీలో సన్న అక్షరాలు కిందిదాకా కిక్కిరిసి ఉన్నాయి.

"అమ్మాయ్," అన్నాడు, "మీ ఆయన రేజరు ఎక్కడుందే?"

బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినపడుతుంటే మేము నలుగురం ఆ తలుపు వైపే చూస్తూ కూచున్నాం. తలుపు తీసుకుని వచ్చాడు. పై పెదవి తెల్లగా, లేతగా ఉంది, ఆయన పెదవి నేను చిన్నప్పుడు చూసిందే, మళ్ళీ ఇప్పుడే. మా పల్లెలో గేదెల్ని తోలుకుని నేను ఇంటికొస్తుంటే, బడి సంచి ఊపుకుంటూ ఎదురొచ్చే మొహం అది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఏడుపు అనుకున్నాను, నవ్వు.

"బాగున్నావు బావా," అన్నాడు మా ఆయన. "పదేళ్ళు తగ్గాయి."

"నువ్వూ తీసెయ్," అన్నాడు మా అన్న.

పోయేముందు నా ఒళ్ళోంచి పుస్తకం తీసుకుని, నిలబడే కాసేపు తిప్పాడు. నా పెన్సిలు రాత దగ్గర ఆగాడు. పళ్ళు మర్చిపోవద్దు. దాన్ని చదివి నవ్వి, జేబులోంచి పెన్ను తీసి దాని కింద ఏదో రాసి, మూసి ఇచ్చాడు. బస్సు ఎక్కించి వచ్చాక విప్పి చూశాను. ఇంగ్లీషులో ఉంది, గీతలు వంకరగా. ఎస్, ఎ, ఎల్, టి. చూసి రాయడానికి ఆ పేజీ ఆయన ముందు లేదు, గుర్తు పెట్టుకునే రాశాడు. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. కీబోర్డు దగ్గర మా అమ్మాయి. సోఫాలో, సగం నిద్రలో, లేని ఉంగరం కోసం లేచిన మా ఆయన. అరటిపళ్ళు కొననందుకు సిగ్గుపడ్డ మా వదిన. రెండు నలభైకి మీసంతో, మూడు దాటాక మీసం లేకుండా మా అన్న. పుస్తకం పట్టుకుని నేను. కొండ మీద, పొయ్యి దగ్గర, ముసలమ్మ.